సాక్రమెంటో దిబ్బ నుంచి ఎక్డిస్ తెర దాకా



1867 జూన్ 19. అమెరికా నౌకాదళానికి చెందిన ఓడ ఒకటి మన తీరం వెంబడి వెళుతోంది. దాని పేరు సాక్రమెంటో. తెరచాపలున్నాయి, ఆవిరి యంత్రమూ ఉంది. నీళ్లలోకి దిగి అయిదేళ్లే అయింది. కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ అనుభవం లేనివాడేం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో, బ్రెజిల్ రేవులో లంగరు వేసి ఉన్న శత్రువుల ఓడను పట్టుకుపోయిన మనిషి. అలాంటి ఓడ, అలాంటి కెప్టెన్ చేతిలో ఉండగానే, గోదావరి సముద్రంలో కలిసే చోట నీటి కింది దిబ్బకు తగులుకుంది. ఇక కదల్లేదు. ఓడ పూర్తిగా నాశనమైంది. అదృష్టవశాత్తూ అందులో ఉన్నవాళ్లంతా ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. తర్వాత అమెరికాలో సైనిక విచారణ జరిగింది. తప్పు కెప్టెన్‌దేనని తేల్చి, ఆయన్ను కొంతకాలం ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు.

ఆ దిబ్బకు సముద్ర పటాల్లో ఆ ఓడ పేరే ఉండిపోయింది. సాక్రమెంటో షోల్ అంటారు. కోనసీమ తీరంలో సాక్రమెంటో పేరుతో ఒక లైట్ హౌస్ కూడా ఉంది. ఎక్కడో కాలిఫోర్నియా పేరు గోదావరి మొగ దగ్గరికి ఎలా వచ్చిందా అని ఎవరికైనా అనిపిస్తే, ఇదీ కారణం.

ఈ పూట మనం మాట్లాడుకునేది ఓడలకు దారి చూపే పటాల గురించి. నావికులు వాటిని చార్టులంటారు. రెండు వందల ఏళ్లకు పైగా అవి కాగితం మీద ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్ తెర మీదికి వచ్చేశాయి. ఈ మార్పు ఎలా జరిగింది, మన గోదావరి తీరానికి దానితో ఏం పని, అన్నదే విషయం.

ముందు తీరం సంగతి చూద్దాం.

గోదావరి ఊరికే నీళ్లు తెచ్చే నది కాదు. నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి మొదలై, దారిపొడవునా మట్టి, ఇసుక మోసుకొస్తుంది. ధవళేశ్వరం దాటాక పాయలుగా విడిపోతుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ అంటూ వెళ్లి సముద్రంలో కలుస్తుంది. కలిసే చోట నీటి వేగం తగ్గిపోతుంది. మోసుకొచ్చిన మట్టి అక్కడే దిగిపోతుంది. అలలూ సముద్ర ప్రవాహాలూ ఆ ఇసుకను అటూ ఇటూ జరుపుతాయి. అందుకే నిరుడు లోతున్న చోట ఈ ఏడు మేట ఉండవచ్చు. నిరుడు మేట ఉన్న చోట ఈ ఏడు పడవ పోవచ్చు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన తీరంలో సముద్రం అడుగు నిలకడగా ఉండదు. అది కదులుతూ ఉంటుంది.

దీనికి సాక్ష్యం కావాలంటే కోరంగి చూడండి. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరో ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టాయి. ఉప్పెనలు మనుషుల్ని మింగాయి. రేవును మింగింది మాత్రం మేట. నది తెచ్చిన పూడికతో పెద్ద ఓడలు లోపలికి రాలేని పరిస్థితి వచ్చింది. వ్యాపారం మెల్లగా కాకినాడకు తరలిపోయింది.

ఇక కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది కదా. దాదాపు 16 కిలోమీటర్ల పొడవున సముద్రంలోకి చాచిన ఇసుక తిన్నె. బయట సముద్రం ఎంత అల్లకల్లోలంగా ఉన్నా, దాని చాటున కాకినాడ అఖాతం శాంతంగా ఉంటుంది. ఓడలకు అది సహజమైన అడ్డుగోడ. ఆ అడ్డుగోడను కట్టింది గోదావరే. గత రెండు వందల ఏళ్లలో, తాను తెచ్చిన ఇసుకతోనే కట్టింది. దానికి ఉత్తరాన ఉప్పాడలో కథ తిరగబడింది. అక్కడ సముద్రం ఊరినే కోసుకుపోతోంది. ఇళ్లు పోయాయి, రోడ్డు మళ్లీ మళ్లీ తెగింది. ఒకే తీరంలో ఒకచోట నేల పుడుతోంది. కాస్త దూరంలో నేల పోతోంది.

మరి ఇలాంటి చోటికి పటం గీయడం ఎలా?

ఆ ప్రయత్నం 18వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీకి మైకేల్ టాపింగ్ అనే సర్వేయర్ ఉండేవాడు. కోరమాండల్ తీరాన్ని కొలిచినవాడు, మన కృష్ణా గోదావరి ప్రాంతాల్లో సర్వే చేసినవాడు. 1794లో మద్రాసులో ఆయన మొదలుపెట్టిన సర్వే పాఠశాలే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1796లో మచిలీపట్నంలో జ్వరంతో చనిపోయాడు. ఆ కాలంలోనే మద్రాసులో కంపెనీ కొలువు చేసి వెళ్లిన అలెగ్జాండర్ డాల్‌రింపుల్, 1795లో బ్రిటిష్ నౌకాదళానికి మొట్టమొదటి హైడ్రోగ్రాఫర్ అయ్యాడు. ప్రపంచమంతటా ఓడలు వాడుకున్న అడ్మిరాల్టీ చార్టులకు మూలం ఆ కార్యాలయమే. అంటే కాగితం చార్టుల చరిత్రలో మన తీరానికి మొదటి నుంచీ చోటుంది.

అప్పట్లో లోతు కొలిచేది ఎలా? పొడవాటి తాడు. చివర సీసపు గుండు. గుండు అడుగున చిన్న గుంట, ఆ గుంటలో కొవ్వు మెత్తేవారు. తాడు వదిలితే గుండు అడుక్కి తగులుతుంది. ఎన్ని బారల తాడు దిగిందో అదే లోతు. పైకి లాగి చూస్తే కొవ్వుకు ఇసుకో, బురదో, గవ్వ ముక్కలో అంటుకుని వస్తాయి. అడుగున ఏముందో దాన్నిబట్టి తెలుస్తుంది. లంగరు వేసేవాడికి అది చాలా ముఖ్యం. మంచి బురదలో లంగరు బాగా పట్టుకుంటుంది. రాతి మీద పట్టు దొరకదు. ఆ లోతునూ, అడుగున ఉన్నదాన్నీ చార్టు మీద రాసేవారు. ఇవాళ్టి ఎలక్ట్రానిక్ చార్టులో కూడా ఆ రెండూ ఉంటాయి.

ఇప్పుడు ఓడ బ్రిడ్జి మీదికి వెళదాం. బ్రిడ్జి అంటే ఓడను నడిపే గది. దాని వెనకే చార్టు బల్ల. పెద్ద పెద్ద సొరుగులు, వాటినిండా చార్టులు. ఈ చార్టులన్నిటి బాధ్యతా సెకండ్ ఆఫీసర్‌ది. ఆయన పని వినండి. ప్రతి వారం నావికులకు నోటీసులు వచ్చేవి. ఫలానా లైట్ హౌస్ వెలుగు తీరు మారింది. ఫలానా బోయాను, అంటే నీటి మీద తేలే గుర్తును, జరిపారు. ఫలానా చోట ఓడ మునిగి ఉంది, జాగ్రత్త. ఒక్కో నోటీసు తీసుకుని, దానికి సంబంధించిన చార్టు వెతికి, వంగపండు రంగు సిరాతో, సన్నటి పాళీతో ఆయన దిద్దాలి. దిద్దాక చార్టు మూలన ఆ నోటీసు నెంబరు వేయాలి. ఓడ ఊగుతున్నా చెయ్యి ఊగకూడదు. వందల చార్టులు, వారం వారం దిద్దుబాట్లు. డ్యూటీ అయ్యాక నిద్ర మానుకుని చేసే పని అది.

ప్రయాణంలో మరో పని. ఒడ్డున కనిపించే లైట్ హౌస్ ఏ దిక్కున ఉందో దిక్సూచితో చూసి చార్టు మీద గీత గీయాలి. ఇంకో గుర్తు చూసి ఇంకో గీత. గీతలు కలిసిన చోట ఓడ ఉన్నట్టు. కానీ ఆ గీత గీసి, గడియారం చూసి, పెన్సిల్ కింద పెట్టేసరికి ఓడ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. కాగితం ఎప్పుడూ ఓడ ఎక్కడ ఉండిందో చెప్పేది. ఇప్పుడు ఎక్కడుందో చెప్పలేకపోయేది.

ఆ లోటును ఎలక్ట్రానిక్ చార్టు తీర్చింది.

దాని పూర్తి పేరు ఎలక్ట్రానిక్ చార్ట్ డిస్‌ప్లే అండ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్. నావికులు పొట్టిగా ఎక్డిస్ అంటారు. ఒక పెద్ద తెర. దాని మీద చార్టు. ఆ చార్టు మీద ఓడ గుర్తు. ఉపగ్రహాల నుంచి జీపీఎస్ సంకేతం వస్తుంటే, ఓడ గుర్తు క్షణం క్షణం కదులుతుంది. వారం వారం దిద్దుబాట్లు ఫైల్ రూపంలో వస్తాయి, సిరా అక్కర్లేదు. ఓడ నీళ్లలో ఎంత లోతుకు దిగి ఉందో చూసుకుని, ఇంత లోతు కంటే తక్కువ ఉన్న చోటికి వెళ్లొద్దు అని ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఓడ ఆ హద్దు దాటబోతే యంత్రం మోగుతుంది.

లండన్‌లోని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ దీన్ని తప్పనిసరి చేస్తూ 2009లో నిర్ణయం తీసుకుంది. 2012 జూలైలో కొత్త ప్రయాణికుల ఓడలతో, ట్యాంకర్లతో మొదలైంది. అంచెలంచెలుగా 2018 దాకా సాగింది. ఇవాళ సముద్రం దాటే పెద్ద వాణిజ్య నౌకలన్నిటిలో ఎక్డిస్ ఉంది. మరి కాగితం పూర్తిగా పోయిందా? పోలేదు. 10 వేల టన్నుల లోపు పాత సరుకు ఓడలకు ఈ నిబంధన వర్తించదు. అమెరికా తన కాగితం చార్టుల ముద్రణకు స్వస్తి చెప్పింది. బ్రిటన్ 2026 కల్లా ఆపేస్తానని 2022లో ప్రకటించి, ఆ తర్వాత గడువును కనీసం 2030 దాకా పొడిగించింది. చిన్న ఓడలకు ఇంకా సరైన బదులు దొరకలేదన్నది అందుకు ముఖ్యమైన కారణం. ఇది మంచి నిర్ణయమే. చిన్న ఓడను చీకట్లో వదిలేసి పెద్ద ఓడకు మాత్రమే దారి చూపిస్తే సముద్రం భద్రం కాదు.

శ్రోతలారా, ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. తెర వచ్చినంత మాత్రాన ఓడలు మేటలెక్కడం ఆగలేదు.

2013 సెప్టెంబరు 18. ఒవిట్ అనే ట్యాంకర్ వంటనూనె వేసుకుని రోటర్‌డామ్ నుంచి ఇటలీ వెళుతోంది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య డోవర్ జలసంధిలో వార్న్ అనే మేట ఉంది. ప్రతి చార్టులోనూ ఉంది. ఒవిట్ తెర మీద కూడా ఉంది. కానీ ఎక్డిస్‌లో గీసిన దారి సరిగ్గా ఆ మేట మీదుగానే పోయింది. గీసినవారికి అనుభవం చాలదు, దాన్ని మళ్లీ పరిశీలించినవారు లేరు. లోతు హద్దు సరిగా పెట్టలేదు. మోగవలసిన అలారం మోగలేదు. ఓడ మేటెక్కింది. డ్యూటీలో ఉన్న అధికారికి ఓడ ఆగిపోయిందని తెలియడానికే 19 నిమిషాలు పట్టింది. బ్రిటన్ ప్రమాద విచారణ సంస్థ నివేదికలో ఇదంతా ఉంది. ఇక్కడ పటం తప్పు కాదు. పటాన్ని వాడిన తీరు తప్పు.

అదే ఏడాది జనవరిలో దీనికి పూర్తిగా వేరైన ప్రమాదం జరిగింది. ఫిలిప్పీన్స్ దగ్గర తుబ్బతాహా పగడపు దిబ్బల మీదికి అమెరికా నౌకాదళపు గార్డియన్ అనే ఓడ ఎక్కింది. అది వాడిన డిజిటల్ చార్టులో ఆ దిబ్బ ఉంది. కానీ అసలు చోట లేదు. దాదాపు 8 నాటికల్ మైళ్లు పక్కన ఉంది. ఓడలో ఉన్న వేరే సమాచారంతో పోల్చి చూసుకుని ఉంటే తేడా బయటపడేది. చూసుకోలేదు. ఓడను లాగలేక, అక్కడే ముక్కలుగా కోసి తీసుకుపోయారు. ఇక్కడ పటమే తప్పు.

ఒకచోట వాడకం తప్పు, ఇంకోచోట పటం తప్పు. తెర రెండింటినీ ఒకేలా, అందంగా, రంగుల్లో చూపించింది. కాగితం చార్టు మూలన చిన్న బొమ్మ ఉండేది. ఈ లోతులు ఏ సంవత్సరంలో, ఎలా కొలిచారో అందులో రాసి ఉండేది. ఎప్పుడో సీసపు గుండుతో కొలిచింది అని చూడగానే కెప్టెన్ జాగ్రత్త పడేవాడు. ఎక్డిస్‌లో కూడా ఆ సమాచారం ఉంది. చిన్న చట్రంలో చుక్కలు వేసి ఉంటాయి. ఆరు చుక్కలుంటే కొలత బాగా నమ్మదగింది. రెండే ఉంటే నమ్మకం తక్కువ. యూ అనే అక్షరం ఉంటే నాణ్యత ఇంకా తేల్చలేదని అర్థం. కానీ ఆ గుర్తులు కనిపించాలంటే ఆఫీసర్ మీట నొక్కి వాటిని తెర మీదికి తెచ్చుకోవాలి. తెచ్చుకోవాలన్న అలవాటు ఉండాలి. మన లాంటి తీరానికి వచ్చే ఓడలకు ఈ అలవాటు అన్నిటికంటే అవసరం.

మళ్లీ చెబుతున్నాను. తెర కొత్తదే కావచ్చు. దాని మీది లోతు ఎప్పటిదో చూసుకోవాలి.

ఇక జీపీఎస్. ఎక్డిస్‌లో ఓడ గుర్తును కదిలించేది అదే. ఈమధ్య నల్ల సముద్రంలో, ఎర్ర సముద్రంలో, పర్షియన్ గల్ఫ్‌లో యుద్ధాల పుణ్యాన జీపీఎస్ సంకేతాలను అడ్డుకోవడం, తప్పుడు సంకేతాలు పంపడం ఎక్కువైంది. అప్పుడు తెర మీద ఓడ ఎక్కడో ఎడారి మధ్యలో ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ దారుల్లో తిరిగే ఓడల్లో మన తెలుగు పిల్లలు పనిచేస్తున్నారు. అలాంటి వేళ వాళ్లను కాపాడేది పాత విద్యే. రాడార్‌లో తీరం చూడడం, లైట్ హౌస్ దిక్కు కొలవడం, నక్షత్రం ఎత్తు చూడడం.

ఇప్పుడు కాకినాడకు వద్దాం. యాంకరేజి పోర్టుకు వచ్చే ఓడలు ఒడ్డుకు రావు. దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని ఉంటాయి. బియ్యం బస్తాలను బార్జీల మీద వాటి దగ్గరికి చేరుస్తారు. ఆ బియ్యం ఎక్కువగా ఆఫ్రికా దేశాలకు వెళుతుంది. కాస్త పక్కనే డీప్ వాటర్ పోర్టు. అక్కడ ఓడలు నేరుగా బెర్తుకే వస్తాయి. ఇక సముద్రంలోపల కేజీ బేసిన్, అంటే కృష్ణా గోదావరి బేసిన్. రవ్వ చమురు క్షేత్రం, 2009లో గ్యాసు మొదలైన డీ6, 2024 జనవరిలో చమురు మొదలైన ఓఎన్‌జీసీ లోతు నీటి క్షేత్రం, వీటన్నిటి పైపులూ బావులూ నీటి కింద ఉన్నాయి. వాటి మీద లంగరు వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చార్టులో అవన్నీ గుర్తించి ఉంటాయి. ఈ విషయంలో ఎక్డిస్ నిజంగా మేలు చేసింది. నిషిద్ధ ప్రాంతానికి ఓడ దగ్గరవుతోందని ముందే హెచ్చరిస్తుంది.

కానీ ఎక్డిస్‌లో కనిపించనివి కొన్ని ఉన్నాయి. అంతర్వేది నుంచో, భైరవపాలెం నుంచో, ఉప్పాడ నుంచో రాత్రి వేటకు వెళ్లిన నావ అందులో ఉండదు. పెద్ద ఓడలు తమ ఉనికి చెప్పే ఏఐఎస్ పరికరం పెట్టుకుంటాయి. చిన్న నావల్లో చాలావాటికి అది లేదు. ఫైబర్ నావ రాడార్‌కు కూడా సరిగా చిక్కదు. ఉండేది ఒక చిన్న దీపం. ఆ దీపాన్ని చూడాల్సింది బ్రిడ్జి అద్దంలోంచి బయటికి చూసే మనిషి. కన్నుతో, చెవితో ఎప్పుడూ కాపలా కాయాలని ఓడలు ఢీకొనకుండా చేసిన అంతర్జాతీయ నిబంధనల్లో 5వ నియమం చెబుతోంది. తెర వచ్చాక తల వంచి దాన్నే చూస్తూ కూర్చునే అలవాటు పెరిగిందని ప్రమాద విచారణలు మళ్లీ మళ్లీ చెప్పాయి. ఒడ్డున ఎదురుచూసే కుటుంబానికి ఇది చాలా పెద్ద విషయం.

మన దేశంలో ఈ చార్టులు తయారుచేసేది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్. సముద్రానికి అంత దూరంలో, కొండల మధ్య ఉంది. కాగితం చార్టు, ఎలక్ట్రానిక్ చార్టు రెండూ అక్కడివే. లోతులు కొలిచేవి నౌకాదళపు సర్వే ఓడలు. వాటిలో సంధాయక్ అనే ఓడ 2024 ఫిబ్రవరి 3న విశాఖపట్నంలోనే నౌకాదళంలో చేరింది. దాని కింది నుంచి ధ్వని తరంగాలు విసనకర్రలా పరుచుకుంటాయి. సీసపు గుండు ఒక్క చోట తగిలేది. ఈ ధ్వని అడుగును పట్టీలు పట్టీలుగా, మొత్తం కొలుస్తుంది.

రాబోయే మార్పు ఇంకొకటి. ఎస్ 100 అనే కొత్త ప్రమాణం. 2026 నుంచి ఓడలు దాన్ని వాడుకోవచ్చు. 2029 నుంచి కొత్తగా బిగించే ఎక్డిస్‌లన్నీ దానికి తగ్గట్టే ఉండాలి. అందులో లోతుతో పాటు ఆటుపోట్ల ఎత్తు, ప్రవాహాల వేగం కూడా ఒకే తెర మీద చూపే వీలుంది. అయితే ఆ వివరాలన్నీ ఎవరో కొలిచి పంపాలి కదా. గోదావరికి వరద వచ్చి తగ్గాక మొగల దగ్గర ఇసుక ఎటు జరిగిందో కొత్త సాఫ్ట్‌వేర్ తనంతట తాను కనిపెట్టలేదు.

ఆ ఇసుక సంగతి అందరికంటే ముందు తెలిసేది మన మత్స్యకారులకు. నిరుడు లేని చోట అల విరిగితే వాళ్లు గమనిస్తారు. గెడ ఎక్కడ నేలకు తగిలిందో వాళ్లకు గుర్తుంటుంది. కొత్త మేటో, మునిగిన ఓడో కనిపిస్తే దాన్ని తెలియజేయడానికి హైడ్రోగ్రాఫిక్ నోట్ అనే ఫారం ఉంది. అది కెప్టెన్లకే కాదు, సముద్రం మీదికి వెళ్లే ఎవరికైనా. చోటు, లోతు, తేదీ, ఎలా కొలిచారు, ఇవి రాస్తే చాలు. ఇప్పుడు ఫోన్‌లో చోటు తెలుసుకోవడం కష్టమేం కాదు. మత్స్యకార సంఘాలు, మత్స్య శాఖ, పోర్టు అధికారులు కలిసి ఈ ఫారాన్ని తెలుగులో అచ్చు వేయించి భైరవపాలెంలో, ఓడలరేవులో, అంతర్వేదిలో, నరసాపురంలో అందుబాటులో పెట్టాలి. నావ మీద నుంచి వచ్చిన కబురును పోర్టు డెహ్రాడూన్‌కు పంపితే, సర్వే ఓడ వచ్చి సరిచూడవచ్చు. ఆపై వచ్చే నోటీసుతో ఆ మేట ప్రతి ఓడ తెర మీదికీ చేరుతుంది. ఈ పనికి కొత్త చట్టం అవసరం లేదు, పెద్ద ఖర్చూ లేదు. వచ్చే వరదల సీజనుకు ముందే మొదలుపెట్టవచ్చు.